స్క్రూ కింద చుక్కలు

ఫిబ్రవరి 6

తమ్ముడికి,

ఆశీస్సులు చివర ఇస్తాను, ముందు నా గోడు విను. మీ దేశానికి పంపిన పద్నాలుగు పెట్టెల కత్తెరలు మీ ఓడరేవులో ఆపేశారు. ఎందుకయ్యా అంటే, అవి నేను చేసినవి కావట.

నలభై పేజీల నోటీసు వచ్చింది. మన గుమాస్తా గారు ఒక చేత్తో దవడ పట్టుకుని, ఇంకో చేత్తో డిక్షనరీ తిప్పుతూ మూడు రోజులు చదివారు. ఆయనకు పన్ను పీకించుకోవడమంటే భయం, పెట్టుకుని బాధపడడమంటే ఇష్టం. ఆయన చెప్పిన సారాంశం ఇది. రెండేళ్ళ కిందట ఇంకో దేశం వాళ్ళు కారుచౌకగా కత్తెరలు తెచ్చి పోస్తున్నారని మీ ప్రభుత్వం వాటి మీద భారీ సుంకం వేసింది కదా. ఇప్పుడు ఆ కత్తెరలే దొంగదారిన నా దగ్గరికొచ్చి, నా ముద్ర కొట్టించుకుని, సుంకం లేకుండా మీ రేవుకు చేరుతున్నాయని మీ కత్తెరల తయారీదారుల సంఘం ఫిర్యాదు చేసింది. రుజువైతే నా సరుక్కీ అదే సుంకం. మన కత్తెరల్లో నాలుగింట మూడు వంతులు మీ దేశానికే వస్తాయి. సుంకం పడితే నెల తిరక్కుండా కొలిమి ఆర్పేసుకోవాలి.

పెద్ద మేస్త్రికి ఈ సంగతి చెప్తే తన అరచేతులు తిప్పి చూసుకుని, "ఈ కాయలు కూడా దిగుమతి చేసుకున్నవేనేమో, ఒకసారి కనుక్కోండమ్మా" అన్నాడు.

నోటీసుతో పాటు ప్రశ్నల కట్ట కూడా వచ్చింది. ఉక్కు ఎక్కడ కొంటావు, కొలిమిలో ఏం కాలుస్తావు, ఎంతమంది పనిచేస్తారు, నెలకు ఎన్ని జతలు. దాచడానికేముంది? గేటు దగ్గరి హాజరు పుస్తకం తెరిచి పదకొండు మంది అని రాశాను. నెలకు నాలుగు వేల జతలు అని రాశాను. సంతకం పెట్టి అదే రోజు పంపించాను.

నువ్వు అదే దేశంలో, అదే పనిలో, అంత పెద్ద కార్ఖానాలో ఫోర్‌మన్‌వి. ఆ సంఘంలో ఎవరెవరున్నారో, నా మీద ఎవరికి కన్ను కుట్టిందో కాస్త కనుక్కుని రాయి. నేను తగ్గే ప్రసక్తి లేదు. మరదలి మోకాళ్ళు ఎలా ఉన్నాయి? మెట్లెక్కవద్దని చెప్పు, అసలే ఎవరి మాటా వినే మనిషి కాదు.

ఇవిగో ఆశీస్సులు,
అక్క


ఫిబ్రవరి 25

అక్కకు నమస్కారాలు.

ఉత్తరం అందింది. ఆమె మోకాళ్ళు అలాగే ఉన్నాయి. మా బిల్డింగులో లిఫ్టు పాడై ఇరవై రోజులైంది. ఐదంతస్తులూ తిట్టుకుంటూ ఎక్కుతోంది.

నువ్వడిగింది కనుక్కోవడానికి నేను ఎక్కడికీ పోనక్కర్లేదు. ఆ సంఘం అధ్యక్షుడు మా ఓనరే. కాబట్టి అక్కడి విషయాలు నేను ఎక్కువ రాయలేను, అర్థం చేసుకో. ఇక్కడ ఇరవై ఆరేళ్ళ ఉద్యోగం నాది.

ఇక్కడి విచారణ ఆఫీసు వాళ్ళు మొండివాళ్ళు. ఒకసారి అనుమానం వచ్చిందంటే వదలరు. నా మాట విని పంతానికి పోకు. ఈ దేశానికి సరుకు పంపడం కొన్నాళ్ళు ఆపేసి, వేరే చోట అమ్ముకునే దారి చూడు. లాయర్ల చేతిలో పడితే ఉన్నది ఊడ్చిపెట్టుకుపోతుంది.

ఇంకొకటి అడుగుతాను, కోపం తెచ్చుకోకు. ఆర్డర్లు మీద పడినప్పుడు బయట నుంచి కొంత సరుకేమైనా తెప్పించావా? ఒక్కసారే అయినా, కొంచెమే అయినా సరే. తెప్పించి ఉంటే నాతో చెప్పు. నేను ఎవరికీ చెప్పను.

తమ్ముడు


మార్చి 16

ఫోర్‌మన్ గారికి,

నేను లాయరును పెట్టుకున్నాను. వయసులో చిన్నమ్మాయి, గొంతు పెద్దది. నా మీద ఫిర్యాదులో ఏముందో చూసే హక్కు నాకుందని వాదించి ఆ ఫైలంతా తెప్పించింది. నూట పది పేజీలు. అందులో ఇరవై ఏడో పేజీ ఒక ప్రమాణ పత్రం.

"ముప్పై ఏళ్ళకు పైగా ఈ పనిలో ఉన్నవాడిగా చెబుతున్నాను. చేత్తో కత్తెర చేసేచోట ఒక మనిషి రోజుకు ఆరు జతలకు మించి తయారు చేయలేడు." కింద జనవరి తేదీ. దాని కింద నీ సంతకం. అక్షరాల చివర ఆ కొక్కెం నాకు తెలియనిదా? స్కూల్లో అలా రాసినందుకు దెబ్బలు తింటే ఇంటికొచ్చి నా వెనకే కదా దాక్కున్నావు.

నా జవాబు చేతికందాక మీ ఓనరు లాయరు ఆ ఆరుతో గుణించి పెట్టాడు. పదకొండు ఆర్లు అరవై ఆరు. నెలకు ఇరవై ఐదు పనిరోజులు. పదహారు వందల యాభై జతలు. మిగిలిన రెండు వేల మూడు వందల యాభై ఎక్కడివి అని అడిగాడు. అదే ప్రశ్న నువ్వు నన్ను మోకాళ్ళ కబురుతో కలిపి మర్యాదగా అడిగావు. వాడు శత్రువు కాబట్టి బాహాటంగా అడిగాడు, నువ్వు తమ్ముడివి కాబట్టి చాటుగా అడిగావు.

బయటి సరుకు ఒక్క జత కూడా ఈ గేటు దాటి లోపలికి రాలేదు. నీ ఓనరుకు చెప్పు, నీ ఆఫీసులకు చెప్పు. అమ్మేది ఆపను, కేసు వదలను. ఈ కొలిమి ఆర్పితే నేనే ఆర్పాలి, ఇంకొకడు వచ్చి నీళ్ళు పోస్తే ఊరుకోను.

ఇక నాకు ఉత్తరాలు రాయకు. రాసినా చదవను. చదివినా జవాబు ఇవ్వను.

ఇట్లు,
కార్ఖానా యజమాని


ఏప్రిల్ 3

కార్ఖానా యజమాని గారికి,

చదువుతావని తెలుసు కాబట్టి రాస్తున్నాను.

సంతకం నాదే. జనవరిలో ఓనరు పిలిచి, మనిషి రోజుకు ఎన్ని జతలు చేయగలడో రాసివ్వమన్నాడు. ఏదో దొంగ వ్యాపారి మీద కేసు అనుకున్నాను. నీ మొదటి ఉత్తరం చదివాకే అది నీ మీద కేసని తెలిసింది. అప్పుడే చెప్పాల్సింది. చెప్పడానికి నోరు రాలేదు. అది నా తప్పు, నువ్వెన్ని తిట్టినా పడతాను.

కానీ నేను రాసింది అబద్ధం కాదు. దానికి మాత్రం తల వంచను. నాన్న ఉన్నప్పుడు అదే షెడ్డులో పదకొండు మందితో నెలకు పదహారు వందలు దాటింది లేదు. బ్లేడు సాగగొట్టడం ఒక ఎత్తు, రెండు బ్లేడ్లను జోడు కుదర్చడం ఒక ఎత్తు. మూసినప్పుడు మొదలూ మొనా తగలాలి, నడుమ సన్నటి వెలుతురు కనబడాలి. దానికే సగం పైగా పొద్దు పోతుంది. కొత్త యంత్రాలు కొనలేదని నువ్వే అంటావు. పొద్దుగూకాక పని చేయించవని నాకు తెలుసు. మరి నాలుగు వేలు ఎలా వస్తున్నాయి?

నేను నీ తమ్ముడిని కాబట్టి నమ్మమంటే కళ్ళు మూసుకుని నమ్ముతాను. ఆ ఆఫీసు నీకు తమ్ముడు కాదు. దానికి లెక్క చెప్పాలి. ఆ లెక్కేదో ముందు నాకు చెప్పు.

లిఫ్టు బాగయింది.

తమ్ముడు


ఏప్రిల్ 20

ఒరేయ్ తమ్ముడూ,

జవాబివ్వనన్నాను కదా, ఇస్తున్నాను. నీ లెక్కకు నీ మొహం వాచేలా సమాధానం రాయాలని కాగితం తీసి కూర్చున్నాను. ఒక గంట గడిచినా పెన్ను కదల్లేదు. నాలుగు వేలు నిజం. పదకొండు నిజం. మరి నువ్వు చెప్పిన ఆరు కూడా నిజమే. మూడు నిజాలు ఒకచోట కూర్చుని ఒకదాని మొహం ఒకటి చూసుకుంటున్నాయి.

అప్పుడే కళ్ళజోడమ్మ వచ్చింది. పెద్ద మేస్త్రి భార్య. నువ్వు వెళ్ళేనాటికి కొత్త కోడలు, ఇప్పుడు సీసా అడుగంత మందం కళ్ళద్దాలు, అందుకే ఆ పేరు. కుదిర్చిన జతల బుట్ట నా బల్ల మీద పెట్టి, "ఏంటమ్మా, మొహం అలా పెట్టారు" అంది. గొడవంతా చెప్పాను. పదకొండు మందితో నాలుగు వేలు ఎలాగని అడుగుతున్నారన్నాను.

ఆమె అద్దాలు తీసి కొంగుతో తుడుచుకుని, "మమ్మల్ని రాశారా?" అంది.

"మిమ్మల్నంటే?"

"పొద్దున బుట్టలో బ్లేడ్లు ఇంటికి తీసుకెళ్ళి, ఆకురాయి పట్టి, జోడు కుదిర్చి, స్క్రూ బిగించి తెచ్చేది ఎవరమ్మా? మీ బుట్టలో అవే పుట్టుకొస్తున్నాయా?"

తమ్ముడూ, వేళ్ళ మీద లెక్కపెట్టాను. ఇరవై ఒక్క మంది ఆడవాళ్ళు. మేస్త్రీల ఇళ్ళల్లో వాళ్ళు, ఆ వీధిలో వాళ్ళు. పదేళ్ళుగా షెడ్డులో మగవాళ్ళు సాగగొట్టి, కాల్చి, నూనెలో ముంచడంతో సరి. మిగిలిన పనంతా ఆ ఇళ్ళ గడపల దగ్గరే. ప్రతి బుట్టా నా చేతుల మీదుగానే వెళ్ళి నా చేతుల్లోకే వస్తుంది. అయినా ఎంతమంది పనిచేస్తారని కాగితం అడిగితే గేటు పుస్తకం తెరిచాను. వాళ్ళు గేటులోంచి వచ్చి పనిలో దిగేవాళ్ళు కారు కదా, 'ఇంటివాళ్ళు' అని ఊరుకున్నాను. ఇంకా సిగ్గుచేటు ఏమిటంటే, పొద్దుటి నుంచి సాయంత్రం దాకా ప్రతి జతనూ తడిగుడ్డ మీద మొనతో కోసి చూసే నన్ను కూడా నేను రాసుకోలేదు. మొత్తం ముప్పై ముగ్గురం. నేనే ఒక ఆడదాన్నయి ఉండి రాసిన జవాబు అది.

లాయరమ్మాయికి చెప్తే తల పట్టుకుంది. "ఇప్పుడు మార్చి రాస్తే ముందు రాసింది తప్పని ఒప్పుకున్నట్టేనండీ. మొత్తం జవాబునే పక్కన పడేయొచ్చు. దానికంటే కొత్త యంత్రం కొన్నామని ఒక మాట రాద్దామా?" అంది. లేని యంత్రం పేరు రాసి ఉన్న మనుషుల్ని మళ్ళీ దాచమంటావా అని అడిగాను. "సరే, అలాగే పోరాడదాం" అంది. మంచి పిల్ల.

ముప్పై ముగ్గురి పేర్లూ రాసి పంపాను. నమ్మకపోతే మీ మనుషుల్ని పంపండి, మా షెడ్డే కాదు, మా వీధి కూడా చూపిస్తాం అని రాశాను. ఆ పద్నాలుగు పెట్టెల్లో ఏ కత్తెరైనా స్క్రూ విప్పి చూడమని కూడా రాశాను. జోడు కుదిర్చాక బ్లేడ్లు తారుమారు కాకుండా లోపలివైపు ఎవరి గుర్తు వాళ్ళు సుత్తితో చుక్కలు కొడతారు, ఎవరి చుక్కలు వాళ్ళవి. ఆ ఇంకో దేశం యంత్రంలోంచి ఊడిపడ్డ కత్తెరకు చుక్కలు ఎవరు కొడతారు?

నువ్వూ ఒకటి కొని విప్పు. స్క్రూ డ్రైవరుకు డబ్బులు నేనే పంపమంటావా?

అక్క


మే 9

అక్కా,

దర్జీల బజారుకు వెళ్ళి మన ముద్ర ఉన్నవి ఐదు కొన్నాను. భోజనాల బల్ల మీద గుడ్డ పరచి విప్పాను. నీ మరదలు పక్కన కూర్చుని స్క్రూలు పోకుండా గిన్నెలో వేసింది.

మొదటిదానిలో మూడు చుక్కలు వరసగా. రెండోదానిలో ఒక చుక్క, ఒక అడ్డగీత. మూడోదానిలో త్రికోణంలా. నాలుగోదీ అదే. ఐదోదానిలో రెండు చుక్కలు, మధ్యలో చిన్న నిలువుగీత.

అది అమ్మ గుర్తు. అమ్మ పోయి పంతొమ్మిదేళ్ళయింది కాబట్టి ఎవరికో నేర్పి ఉంటుంది. వంట అయ్యాక అమ్మ గడప మీద కూర్చుని కత్తెరలు కుదిరిస్తుంటే పక్కనే నేను పాఠాలు చదువుకునేవాడిని. వెలుతురు ఎలా చూడాలో నాకు నేర్పింది నాన్న కాదు, అమ్మ. నాన్న పనిచేస్తున్నాడు, అమ్మ సాయం చేస్తోంది అనుకునేవాడిని. ముప్పై ఏళ్ళ అనుభవం అని సంతకం పెట్టినప్పుడు కూడా అలాగే అనుకున్నాను. అక్కా, నాకు ఏడుపొచ్చింది. నీ మరదలు చూడనట్టు స్క్రూలు లెక్కపెట్టుకుంది.

మర్నాడు పొద్దున్నే విచారణ ఆఫీసుకు వెళ్ళి రెండో ప్రమాణ పత్రం ఇచ్చాను. ఒక మనిషి అని నేను రాసిన చోట ఆ మనిషి వెనక ఇంట్లో పనిచేసేవాళ్ళను లెక్కపెట్టలేదనీ, నా మొదటి పత్రం ఆ మేరకు తప్పనీ రాశాను. ఐదు కత్తెరలూ విప్పినవి విప్పినట్టే జత చేశాను.

ఓనరు పిలిచాడు. "నీ తిండి ఎక్కడిదో మర్చిపోయావా" అన్నాడు. ఇరవై ఆరేళ్ళు ఆ తిండి కష్టపడి తిన్నానండీ, మీ పళ్ళెంలోది లాక్కోలేదు అన్నాను. ఇన్నేళ్ళలో ఆయనతో అంత పొడవాటి వాక్యం మాట్లాడడం అదే మొదలు. ఫోర్‌మన్ పని తీసేసి ప్యాకింగులో వేశాడు. రాజీనామా చేస్తానేమోనని చూస్తున్నాడు. చేయను. పెట్టెలు కడతాను, కానీ నా పత్రం వెనక్కి తీసుకోను.

నీ దగ్గర నుంచి ఆశీస్సులు ఇంకా రాలేదు.

తమ్ముడు


జూన్ 28

చిరంజీవి తమ్ముడికి అక్క ఆశీస్సులు. మొదటే ఇచ్చేశాను, లెక్క రాసుకో.

మీ ఆఫీసు నుంచి ఇద్దరు అధికారులు, ఒక దుబాసీ వచ్చారు. మూడు రోజులున్నారు. మొదటి రోజు షెడ్డులో కొలిమి పక్కన నిలబడి చెమటలు కక్కుకుంటూ రాసుకున్నారు. రెండో రోజు వీధిలో ఇంటింటికీ తిరిగారు. మూడో రోజు పెద్ద అధికారి ఒక ఎత్తు వేశాడు. మా పెట్టెల్లోంచి తెచ్చిన అరవై జతల స్క్రూలు విప్పి, నూట ఇరవై బ్లేడ్లు ఒకే గుట్టగా పోసి, ఎవరివి వాళ్ళు తీసి మళ్ళీ జోడు కలపమన్నాడు. ఇరవై ఒక్క మందీ చుట్టూ కూర్చున్నారు. పావుగంటలో నేల ఖాళీ అయింది. కళ్ళజోడమ్మ అద్దాలు తీసి పక్కన పెట్టి వేళ్ళతోనే తడిమి తనవి ఏరుకుంది. ఆ పెద్ద అధికారి పెన్ను మూత పెట్టడం మర్చిపోయి జేబంతా సిరా చేసుకున్నాడు.

అమ్మ గుర్తు ఇప్పుడు వాడేది కళ్ళజోడమ్మే. అమ్మే ఇచ్చిందట.

నిన్న ఉత్తర్వు వచ్చింది. ఈ కార్ఖానాలో పనిచేసేవారు ముప్పై ముగ్గురు, సరుకు ఇక్కడ తయారైనదే, సుంకం వర్తించదు అని. పద్నాలుగు పెట్టెలూ వదిలేశారు. నీ రెండో పత్రం గురించి ఒక పేరా మొత్తం రాశారు. ఆ పేరా నేను లాయరమ్మాయి చేత రెండుసార్లు చదివించుకున్నాను. నీ మీద కోపం ఆ పేరాతో పోయింది. నిన్ను ప్యాకింగులో వేసినవాడి మీద కోపం మాత్రం దాచి ఉంచుకున్నాను.

ఇక్కడితో ఆపేస్తే గెలిచాను అనుకుంటావు. అసలు సంగతి విను.

అధికారులు వెళ్ళిన వారానికి పొద్దున బుట్టలు తీసుకోవడానికి ఎవరూ రాలేదు. ఇరవై ఒక్క మందీ షెడ్డు ముందు నిలబడ్డారు. అధికారుల ముందు తాము సంతకాలు పెట్టిన పనివాళ్ళ జాబితా కాపీ ఒకటి కళ్ళజోడమ్మ దుబాసీని అడిగి పుచ్చుకుందట, నాకు తెలియదు. దాన్ని చూపించి, "ఆ దేశానికి మేం పనివాళ్ళమైతే ఇక్కడ ఎందుకు కామమ్మా? బుట్టకు ఇంతని వద్దు. మగవాళ్ళకిచ్చినట్టు జీతం కావాలి, లోపల కూర్చునే చోటు కావాలి" అంది.

నాకు ఒళ్ళు మండిపోయింది. "మీ కోసం ఒక దేశంతో పోరాడి వచ్చాను, మీరు నా మీదికే వస్తారా?" అన్నాను.

"మీ సరుకు కోసం పోరాడారమ్మా. మా పేర్లు అందుకు పనికొచ్చాయి" అంది. గొంతు పెంచలేదు. పెద్ద మేస్త్రి అటు భార్యనూ ఇటు నన్నూ చూసి, సమ్మెట కింద పెట్టి, వెళ్ళి వాళ్ళ వెనక నిలబడ్డాడు.

రెండు రోజులు నేనూ మొండికేశాను. మన రక్తం అలాంటిది కదా. మూడో రోజు కూర్చుని ఆలోచిస్తే ఒకటి తేలింది. మీ ఓనరు చెప్పినవాటిలో ఒక్క మాట మాత్రం నిజం. నా కత్తెర ఉండాల్సినదానికంటే చౌక. దొంగ సరుకు కలిపి చౌక చేశానని ఆయన అనుకున్నాడు. ఆ చౌకంతా ఇరవై ఒక్క గడపల దగ్గర్నుంచి వస్తోందని నాకు కూడా తెలియలేదు. తెలుసుకోవాలని ఎప్పుడూ అనుకోలేదు.

అందరినీ జీతాల్లో పెట్టాను. నిన్ననే కొత్త ధరలు మీ దర్జీల బజారుకు రాసి పంపాను. కొనేవాళ్ళు కొంటారు, మానేవాళ్ళు మానతారు, ఏమవుతుందో నాకు తెలియదు. మీ ఓనరు కనబడితే చెప్పు, ఇకనుంచి నా కత్తెర కూడా ఆయన కత్తెరంత ఖరీదేనని. దాని మీద ఫిర్యాదు చేసుకోమను.

షెడ్డులో ఇరవై ఒక్క బల్లలు పట్టవు. అందుకని నా ఆఫీసు గది గోడ కొట్టించేస్తున్నాను. మేస్త్రీలు ఇప్పుడే సమ్మెటలు అందుకున్నారు, ఇటుక ధూళంతా ఈ కాగితం మీదే పడుతోంది. కళ్ళజోడమ్మ గది మధ్యలో నిలబడి, కిటికీ పక్క బల్ల తనదేనని, వెలుతురు అక్కడే బాగుందని చెబుతోంది. నా కుర్చీ ఎక్కడ వేసుకోవాలో మాత్రం ఎవరూ చెప్పడం లేదు.

అక్క